డబ్బా మీద తేదీ

మురుంగపాక్కంలోని వృద్ధాశ్రమంలో జయమ్మాళ్ పంతొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. ముప్పై మంది పెద్దవాళ్లకు మూడు పూటలా ఆమె చేతి వంటే. ఫ్రిజ్‌లోని డబ్బా మూత కాస్త ఎత్తి, అది పొద్దుటిదో నిన్నటిదో ఇట్టే చెప్పేసేది. ఆమె ముక్కు మీద అందరికీ గురి. అందుకే ఏ డబ్బా మీదా ఎవరూ ఏమీ రాసేవారు కాదు.

రెండేళ్ల కిందట వారం రోజులు జ్వరం పట్టి వదిలింది. దాంతో పోయిన వాసన పసిగట్టే శక్తి మాత్రం తిరిగి రాలేదు. తాలింపులో ఇంగువ వేసినా, పొయ్యి మీద పాలు మాడినా ఆమెకు ఒకటే. వాసన తెలియని వంటమనిషిని ఎవరుంచుకుంటారని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఏది ఎప్పుడు వండిందో గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చింది.

విల్లియనూరులో చెల్లెలింటికి వెళ్లి రెండు రోజులకు తిరిగొచ్చిన పొద్దున, ఫ్రిజ్‌లో సాంబారు డబ్బా కనిపించింది. ఆమెకు బదులు వండిన వంటింటి సహాయకుడు కుప్పన్ పెట్టి వెళ్లాడు. అలవాటుగా మూత ఎత్తి చూసి, వేడిచేసి ఇడ్లీల మీద పోసింది.

మిల్లులో పనిచేసి రిటైరైన పట్టాభిరామన్ మొదటి ముద్దకే పళ్లెం పక్కకు జరిపాడు.

"ఏంది జయమ్మా, పులిసిపోయుండాదే!"

ఆమె పరుగున అందరి పళ్లేలూ లాగేసింది. అప్పటికే తిన్న ఇద్దరి పక్కనా సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

"నీకెట్లా తెలీకుండా పోయింది పెద్దమ్మా?" అంది నర్సు మోనిక.

"వాసన తెలీడంలేదు తల్లీ. రెండేండ్లాయె."

"ముందే చెప్పుండాల్సింది" అని మాత్రం అంది మోనిక. మర్నాడు డబ్బాల మీద తేదీ రాయమని టేపు చుట్ట, మార్కర్ తెచ్చి చేతిలో పెట్టింది.

"నాకు రాయను రాదు కదమ్మా."

"బస్సు నంబర్లు చదువుతావు కదా, అంకెలు చాలు. లోపలేముందో మూత తీస్తే కనపడతాది. ఎప్పుడు వండిందో కనపడదు."

మొదటి వారం మూడంకె తలకిందులుగా పడింది. జయమ్మాళ్ బియ్యప్పిండిలో వేలితో దిద్దుకుంది. తేదీ, గంట రాయనిదే ఏ డబ్బానూ ఫ్రిజ్‌లోకి పోనివ్వలేదు.

నెల తర్వాత ఒకరోజు పై అరలో టేపు లేని పాయసం దొరికింది.

"నిన్నటిదే అక్కా, వాసన చూడు" అన్నాడు కుప్పన్.

"నాకు వాసన తెలీదప్పా" అంది జయమ్మాళ్, బయట కూర్చున్న పెద్దవాళ్లకూ వినపడేలా. "తేదీ యాడ?"

పాయసం మొత్తం పారబోసింది. కుప్పన్ మధ్యాహ్నం దాకా మొహం ముడుచుకున్నాడు. తర్వాత తానే వచ్చి మార్కర్ అడిగాడు.