ఎర్ర గీత, ఆకుపచ్చ గీత

అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను సైన్స్ పార్క్‌లో, మా ఆఫీసులో, మా టీమ్ లీడ్‌తో పోట్లాడుతున్నాను. ఫోన్ ఎత్తి విసురుగా "ఏంటి?" అన్నాను. అవతల ఆంటీ గొంతు.

"బేటీ, అంకుల్ లేరు. పొద్దున నమాజ్ చేసి కుర్చీల కూసున్నరు. మళ్ల లేవలే."

టీమ్ లీడ్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను సంచీ తీసుకుని బయటికి నడిచాను. సెలవు అడగలేదు. అడిగితే, పోయినాయన మీకేమవుతారు అంటారు. ఏం చెప్పను? పక్క ఫ్లాట్ ఆయన, ఇద్దరం కలిసి ఒక విమానం కట్టాం అని చెప్పనా?

కట్టిన మాట నిజం. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన మహానుభావుడని రాయడానికి కాదు. ఆ మాట వింటే ముందు ఆయనే నవ్వుతారు.

మాది వుడ్‌ల్యాండ్స్. ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి నేనొక గదిలో అద్దెకుండేదాన్ని. పక్క ఫ్లాట్‌లో అంకుల్, ఆంటీ. హైదరాబాద్ పాతబస్తీ మనుషులు. ఆయన ఇక్కడే ఒక బ్యాంకులో చాలా ఏళ్లు పనిచేశారు. యాభై దాటాక వంతెన అవతల, పక్క దేశంలోని జోహోర్‌లో ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో చేరి విమానం నడపడం నేర్చుకున్నారు. క్లబ్ విమానం అద్దెకు తీసుకుంటే సరిపోదా, సొంతంగా కట్టుకోవడం ఎందుకు అని నేనొకసారి అడిగాను.

"అద్దె ఇంట్ల గోడకు మేకు కొట్టనిస్తరా?" అన్నారు.

నాకు ఆ మాట బాగా తెలుసు. మా గదిలో క్యాలెండర్ కిటికీ గొళ్లానికి వేలాడేది.

మా పరిచయం మెట్ల మీద, తిట్లతో మొదలైంది. ఈ ఊళ్లో ఫ్లాట్ల కిటికీల బయట బట్టలారేసుకునే వెదురు గడలుంటాయి కదా, అలాంటివి కొన్ని చివరలు కలిపి తాళ్లతో కట్టి, ఒక పెద్దమనిషి మెట్ల మీంచి కిందికి దించుతున్నాడు. గడ కొస వచ్చి నా చేతిలోని అన్నం పొట్లానికి తగిలింది. పొట్లం చిరిగింది.

"కళ్లు కనపడవా?" అన్నాను.

"కనపడ్తయ్ బేటీ. ఈ మలుపే కనపడ్తలేదు. తిట్టుడు అయినంక ఆ కొస జర పట్టుకో."

ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఒక అంతస్తు దిగాం. మలుపు దగ్గర గడ గోడకి తన్నుకుని ఆగిపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

"పాయె," అన్నారాయన.

"ఏం పోయింది?"

"రెక్క. ఇంట్ల కట్టి కిందికి దించుదామనుకున్న. విమానం పెట్టెలు ఇంక రాలే. వచ్చేలోపల గంత పొడుగు గడతోని చూసుకుందామని."

"టేపు పెట్టి కొలుచుకుంటే పోయేది కదా?"

"టేపు అబద్ధం చెప్తది. గడ చెప్పదు."

ఆ రోజు ఆంటీ నాకు అన్నం పెట్టింది. చిరిగిన పొట్లం సంగతి మాట్లాడకుండా, ఆయన వైపు మాత్రం కొరకొరా చూస్తూ.

రెక్క మెట్లు దిగదని తేలాక ఆయన ఊరి చివర క్రాంజీలో ఒక రంగు చేపల ఫారం వెనక ఖాళీ షెడ్డు అద్దెకు తీసుకున్నారు. ఈ కిట్ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. విమానం ముక్కలుగా పెట్టెల్లో వస్తుంది. అల్యూమినియం గొట్టాలు, రెక్కకి పక్కటెముకల్లాంటి చట్రాలు, వాటి మీద కప్పే గుడ్డ, సంచుల నిండా నట్లు, బోల్టులు, ఒక చిన్న ఇంజను, లావుపాటి పుస్తకం. ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత విమానం. కొన్నవాళ్లే కట్టుకోవాలి. ఎగరడం మాత్రం ఇక్కడ కుదరదు, ఈ ఊళ్లో ఆకాశం కూడా ఖాళీ లేదు. లారీ మీద వంతెన దాటించి, జోహోర్‌లో పామాయిల్ తోటల మధ్య క్లబ్‌వాళ్ల గడ్డి రన్‌వే దగ్గర రెక్కలు బిగించుకోవాలి.

పెట్టెలొచ్చాక ఆదివారాలు నేను సాయానికి వెళ్లేదాన్ని. ఆంటీ కూడా వచ్చేది, మడత కుర్చీ, టిఫిన్ క్యారియర్ పట్టుకుని. దేన్నీ ముట్టుకునేది కాదు. విమానాన్ని "ఆ పతంగి" అనేది. పతంగులు ఎక్కే వయసా మీది అని వచ్చినప్పుడల్లా ఒకసారైనా అడిగేది. రెక్క మీద గుడ్డ కప్పి ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే అది బిగుసుకుంటుంది. ఆ ఇస్త్రీపెట్టె ఆంటీదని ఆవిడకి షెడ్డులోనే తెలిసింది. అరిచింది. అంకుల్ వినిపించుకోకుండా బిగిసిన గుడ్డ మీద వేళ్లతో డప్పులా వాయించి, "షాదీల కంటే మంచిగ మోగుతున్నది, వినవే," అన్నారు. ఆవిడ నవ్వాపుకోలేక టిఫిన్ గిన్నెల్లో తల దూర్చింది.

నా గురించి ఒక ముక్క చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నాకు డిగ్రీ లేదు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ కౌంటర్లో కూర్చుని రసీదులు రాస్తూ, తలుపు సందులోంచి క్లాసులు విని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖులు మర్చిపోతాయని ప్రపంచమంతా బెంబేలెత్తినప్పుడు, మనుషులు చాలక నాలాంటివాళ్లని కూడా విమానం ఎక్కించారు. ఆఫీసులో నా పనిని ఎవరో "పరిశీలించాను" అని సంతకం పెట్టేవారు. ఫైలు తెరిచేవారు కాదు. లీడ్ చేసిన పనిలో నేనొక తప్పు పట్టుకుంటే, "నీ పద్ధతి బాగాలేదు," అన్నాడు. తప్పు గురించి ఒక్క మాట లేదు. నా గొంతు గురించి అరగంట.

షెడ్డులో మొదటి బోల్టు బిగించే రోజు అంకుల్ జేబులోంచి ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తీశారు.

"నీ రంగు కూడా ఒకటి తెచ్చుకో."

నాకు ఒళ్లు మండింది. "ఆడపిల్లననా రంగులు పూయమంటున్నారు? పానా ఇవ్వండి."

"పానానే ముందు. పానా పట్టనోళ్లకు రంగు లేదు," అన్నారు నింపాదిగా. "బ్యాంకుల పెద్ద చెక్కు దేనికైనా రెండు సంతకాలు. ఇక్కడా గంతే. ఒకరు బిగించి గీత గియ్యాలె. ఇంకొకరు మళ్ల చూసి వాళ్ల గీత గియ్యాలె. రెండు గీతలు లేకుంటే ఇది నేల విడవదు."

గీత బోల్టు కొస మీంచి నట్టు మీదుగా కిందికి పడుతుంది. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగిపోయి కనిపిస్తుంది. సరిగ్గా బిగిసిందో లేదో చెప్పే పొడుగాటి రెంచి ఒకటుంటుంది, చాలినంత బిగిశాక "టక్" మంటుంది. రెండో మనిషి ఆ టక్ వినకుండా రంగు ముట్టకూడదు.

"ఆ ఎరుపు నాది," అంది ఆంటీ కుర్చీలోంచి. "చుట్టాల షాదీకని కొన్న. అది పెట్టుకుంటే గోరు తడవది, నమాజు ముందటి వజూ కాదని మళ్ల ముట్టలే. ఇప్పుడు ఇనుముకు పూస్తున్నరు."

నేను ఆకుపచ్చ తెచ్చుకున్నాను. గోళ్లకి ఎవరూ వేసుకోని రకం ఆకుపచ్చ. నా గోళ్లు ఎలాగూ నేను కొరికేస్తాను.

అలా చాలా ఆదివారాలు. పక్కన చేపల తొట్లలో నీళ్ల మోటారు హోరు, మధ్యాహ్నం "మకాన్, మకాన్" అని, అన్నానికి రమ్మని ఇక్కడి మలయ్ మాటలో ఆంటీ కేక. చివరికి అంతా లారీ ఎక్కి జోహోర్ చేరింది. రెక్కలు తగిలించే రోజు అంకుల్ ఒక బోల్టు పెట్టి, నట్టు వేళ్లతో తిప్పి, ఎర్ర గీత గీసి, నమాజు వేళైందని చాప పట్టుకుని రెక్క నీడలోకి వెళ్లారు. వచ్చి తర్వాతి బోల్టు దగ్గరికి పోయారు. వెనకాలే నేను రెంచి పెట్టాను. టక్ లేదు. నట్టు తిరిగింది. ఇంకా తిరిగింది.

"అంకుల్! ఇది బిగించలేదు. బిగించకుండా రంగు పూశారు. రెక్క ఇది! రెక్క ఊడితే ఏమవుతుందో తెలుసా మీకు?"

క్లబ్‌లో అందరూ తిరిగి చూశారు. అంకుల్ వచ్చి, వంగి, వేలితో నట్టు తిప్పి చూసుకున్నారు. పెట్టె మీద కూలబడ్డారు. మొహంలో రంగు లేదు. నాకు తెలిసిన పెద్దవాళ్లయితే ఇక్కడే నా పద్ధతి గురించి మొదలుపెట్టేవారు. ఆయన తలెత్తి, "షాబాష్," అన్నారు. గుడ్డ, స్పిరిట్ తెచ్చి తన గీత తనే తుడిచేశారు.

ఆ తర్వాత ఆ కథ ఆయనే ఊరంతా చెప్పుకున్నారు. ఈద్ రోజు ఇంటి నిండా చుట్టాలుంటే నన్ను పిలిచి మధ్యలో కూర్చోబెట్టి, "నా గలతీ పట్టింది ఈ పిల్లనే," అన్నారు. "కోపమున్నోళ్ల చేతికే పానా ఇయ్యాలె. మంచోళ్లు నా మొహం చూసి 'సరే అంకుల్' అంటరు. సరే అంకుల్ అంటే నేను సచ్చిపోదును."

నా కోపం ఒకరికి పనికొచ్చిందని అంతకుముందు ఎవరూ అనలేదు.

సంతకం పెట్టినవాళ్లే అందరికంటే ముందు విమానంలో కూర్చోవాలనేది ఆయన రెండో నియమం. మొదట ఆయనొక్కరే ఎగిరి వచ్చారు. తర్వాత కుడి సీటు నాది. ఇంజను స్కూటర్‌లా కొట్టుకుంది, గడ్డి ఊగింది, ఊగడం ఆగింది. కింద పామాయిల్ చెట్లు దువ్విన జుట్టులా పాయలు పాయలుగా ఉన్నాయి. దూరంగా వంతెన దారప్పోగులా. అది దాటడానికి బస్సులో నిలబడి నేను చెమటలు కక్కిన రోజులన్నీ గుర్తొచ్చి, ఇంజను హోరులో ఎవరికి వినపడుతుందిలే అని మా లీడ్‌ని, కాంట్రాక్టు ఏజెంటుని, వాళ్ల వంశాన్ని నోరారా తిట్టాను. నేల మీదికొచ్చాక అంకుల్ చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి, "నీ మైకు నా చెవులకే వస్తది బేటీ," అన్నారు. "కొన్ని మాటలు నాక్కూడ కొత్తవి."

దిగగానే ఆయన నీళ్లు కూడా తాగరు. ఒక చెయ్యి మోకాలికి ఆనించి, రెక్క కింద వంగి, ఒక్కొక్క గీతా చూసుకుంటూ వెళతారు. చివరికి నడుం నిలబెట్టి, "హిల్యా నై," అంటారు. కదల్లేదు అని. ఆ మాట అయ్యాకే చాయ్. ఎన్నిసార్లు ఎగిరినా అంతే. ఆంటీని కూడా ఎక్కమని అడగని రోజు లేదు. పతంగి ఎక్కనని ఆవిడ అనని రోజూ లేదు.

ఆయన పోయిన రోజు ఇల్లంతా మనుషులు. మగవాళ్లు ఆయన్ని తీసుకెళ్లారు. ఆడవాళ్లం లోపలి గదిలో ఉండిపోయాం. ఆ రెక్క మొయ్యడానికి పనికొచ్చిన నా భుజం ఆయన్ని మొయ్యడానికి పనికిరాలేదు. పద్ధతులుంటాయి. ఆంటీ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

కొన్ని వారాలకి క్లబ్‌లో ఒకాయన విమానం తీసుకుంటానన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన ఆంటీ కొడుకు, ఇచ్చేయమని ఇక్కడి యాసలో, "లెట్ ఇట్ గో లా, మామ్," అన్నాడు. మంచివాడే. ఆంటీ "ఇస్తం," అంది. "ఇచ్చేముందు ఒక్కసారి నేను కూసుంట."

క్లబ్ ఇన్‌స్ట్రక్టర్ ఒక మలయ్ మనిషి. ఆంటీని తిప్పి తీసుకొస్తానన్నాడు, కానీ ఒక షరతు. వానల్లో అన్నాళ్లు ఊరికే పడి ఉంది కాబట్టి, రెక్కల బోల్టులు విప్పి, తుప్పు చూసి, కొత్త నట్లతో మళ్లీ బిగించాలి. బిగించాల్సింది నేను.

పానా పెట్టాను. తిప్పలేకపోయాను. ఎదురుగా ఆయన ఎర్ర గీత, కాస్త వంకరగా, పక్కన నాది. ఆ చేత్తో గీసినవి ఇక ఇవే. ఇన్‌స్ట్రక్టర్ దూరంగా తిరుగుతున్నాడు. చూశాను, బాగానే ఉన్నాయి, విప్పక్కర్లేదు అంటే నమ్మేస్తాడు. రోజూ మా ఆఫీసులో జరిగేది అదే.

"ఏమైంది?" అంది ఆంటీ మడత కుర్చీలోంచి.

"అంకుల్ గీత ఆంటీ ఇది. విప్పితే పోతుంది."

ఆవిడ ఓదారుస్తుందనుకున్నాను. తిట్టింది.

"ఆ రోజు రంగు చూసి ఊకున్నవా నువ్వు? ఆయన రంగును నువ్వు నమ్మలే గనకనే ఆయన ఇన్ని రోజులు ఎగిరిండు. ఇయ్యాల నేను కూసుంటుంటే నమ్ముతవా? విప్పు!"

విప్పాను. గీత రెండయింది. సగం బోల్టు కొస మీద, సగం నట్టు మీద. బోల్టు తుడిచి చూశాను, తుప్పు లేదు. కొత్త నట్టు వేసి బిగించి, ఆకుపచ్చ గీత గీశాను. అప్పుడు గుర్తొచ్చింది, రెండో సంతకానికి మనిషి లేడు. ఇన్‌స్ట్రక్టర్ రాబోయాడు. ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది. కుర్చీలోంచి లేచి, హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర సీసా తీసింది.

"ఎట్ల పట్టాలె?"

రెంచి చేతికిచ్చి, ఎక్కడ పట్టాలో చూపించాను. రెండు చేతులతో లాగింది. టక్. ఉలిక్కిపడింది.

"ఇదేనా? ఇన్నేండ్లు కుర్చీలకెళ్లి విన్న ఈ చప్పుడు," అంది. ఎర్ర గీత గీసింది. ఆయన కంటే తిన్నగా వచ్చింది.

ఒక్కొక్కటే అలా చేసుకుంటూ పోయాం. అన్నీ అయ్యాక ఆవిడ చున్నీ తల చుట్టూ బిగించి కట్టుకుని, కుడి సీట్లో కూర్చుంది. భయంగా ఉందా అని అడిగాను. "సంతకం పెట్టినంక భయమేంది?" అంది. మొహం మాత్రం తెల్లగా ఉంది. విమానం గడ్డి మీద ఊగుతూ పోయి, ఊగడం ఆపి, చెట్ల మీదికి తేలింది. నేను కింద నిలబడ్డాను. జేబులో పాత నట్లు, ఒక్కోదాని మీద సగం ఎర్ర గీత, సగం ఆకుపచ్చ గీత. ఎవరినీ తిట్టాలనిపించలేదు.

దిగాక ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి అందించి, ఎలా ఉందని అడిగాడు. ఆంటీ కొడుకు నీళ్ల సీసాతో ఎదురెళ్లాడు. ఆంటీ ఇద్దరినీ పక్కకి జరిపింది. చున్నీ విప్పకుండానే కళ్లజోడు పెట్టుకుని, ఒక చెయ్యి మోకాలికి ఆనించి, రెక్క కింద వంగింది. తను గీసిన ఎర్ర గీత దగ్గర వేలు, ముట్టుకోకుండా, కాసేపు ఆగింది.

"హిల్యా నై," అంది నెమ్మదిగా. ఆ పక్క బోల్టు దగ్గరికి జరిగింది. తర్వాత, వంగిన నడుం ఎత్తకుండానే, రెండో రెక్క వైపు నడిచింది.