నల్లి బొక్క, వెనక చాప

మా అత్తమ్మ లెక్కలో నాకు పోగొట్టుకోవడానికి రక్షణే లేదు. పెద్దపల్లిలో మా పాత మిషన్ చర్చి గుడిలో, నేను ఒళ్లో పాపగా ఉన్నప్పుడే నెత్తిన నాలుగు చుక్కలు చల్లి పేరు పెట్టారు. శ్రీరాంపూర్‌లో ఆమె వెళ్లే ప్రార్థన సంఘంలో మాత్రం మనిషి పెద్దయ్యాక, బుద్ధెరిగి, నీళ్లలో నిండా మునిగితేనే అది బాప్తిస్మం. పెళ్లి మాటల నాడు నన్ను ఎగాదిగా చూసి, మా బాపుతో, "పిల్ల మంచిగున్నదన్నా. జర తడపాలె, అంతే" అన్నది. పెళ్లికి ముందే నన్ను గోదావరిలో ముంచి తీశారు. అప్పుడు పట్టిన జలుబు పెళ్లి పీటల మీద కూడా వదల్లేదు.

ఇది డెబ్బైల చివరి సంగతి. మా బాపు వరి పండించే రైతు, మా గుడిలో పెద్ద. రక్షణ అంటే, చచ్చిపోతే దేవుని దగ్గరికే పోతామనే భరోసా. దేవుడు ఒకసారి ఇచ్చాక దాన్ని మళ్లీ వెనక్కి అడగడని మా బాపు నమ్మకం. అత్తమ్మకు ఈ మాట వింటేనే ఒళ్లు జలదరించేది. రక్షణ అంటే ఆమెకు నెత్తి మీద నిండు బిందె. చూసుకుని నడవకపోతే ఒలికిపోతుంది. తన బిందె ఒలకకుండా చూసుకోవడమే కాక, కాలనీలో అందరి బిందెలూ ఆమే చూసేది.

వాళ్ల సంఘంలో ఒక పద్ధతి ఉండేది. రేకుల షెడ్డులో అందరూ చాపల మీద కూర్చునేవాళ్లు, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. వాకిలి దగ్గర, చెప్పులు విడిచే చోట ఒక పొడుగాటి పాత చాప పరిచి ఉండేది. కల్లు తాగి దొరికినవాళ్లు, సినిమాహాలు దగ్గర కనబడ్డవాళ్లు, జాతరకు పోయి వచ్చినవాళ్లు ఆ వెనక చాప మీద కూర్చోవాలి. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల ఆదివారం నాడు లేచి నిలబడి తప్పు ఒప్పుకోవాలి. పాస్టరు అయ్యగారు నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తేనే ముందు చాపకు జరగాలి. అందాకా రక్షణ లేనట్టే. అత్తమ్మ ఆ చాప మీద ఎన్నడూ కూర్చోలేదు. ఎవరెవరు ఎందుకు కూర్చున్నారో మాత్రం ఆమెకు నోటికి వచ్చు.

మా మామ బాయిలో బొగ్గు నింపేవాడు. బొగ్గుగనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఆయన ఎవరితోనూ తగువు పెట్టుకునే మనిషి కాదు. సంఘంలో కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దామనగానే అందరికంటే ముందు మూసుకునేవాడు, అందరికంటే ఆఖరున తెరిచేవాడు. ఆయన భక్తికి నేను మొదట్లో చాలా ముచ్చటపడ్డాను. గురక వినబడ్డాక ముచ్చట తగ్గింది.

బాయి మీద మైసమ్మ గుడి ఉండేది. లోపలికి దిగేముందు చాలామంది అక్కడ దండం పెట్టుకుని పోయేవాళ్లు. ఏటా కార్మికులంతా కలిసి ఆమెకు యాటను, అంటే మేకపోతును, కోసి, అక్కడే వండుకుని తినేవాళ్లు. క్రైస్తవులు ఆ మాంసం ముట్టరని అందరికీ తెలుసు కాబట్టి, వాళ్ల కోసం కోడిని వేరుగా తెచ్చి, వేరే గంజులో వండించేవాళ్లు. ఎవరి నమ్మకం వాళ్లది, ఆకలి మాత్రం అందరిదీ అన్నట్టు ఉండేది ఆ ఏర్పాటు.

ఆ ఏడు ఆ విందు తిని మామ మహా హుషారుగా ఇంటికొచ్చాడు. మంచం మీద నడుం వాల్చి, "కూర మస్తుగుండె. ఒక నల్లి బొక్క వడ్డది నాకు. జుర్రితె పానం లేసొచ్చింది" అన్నాడు. నల్లి బొక్క అంటే యాట కాలిలో మూలుగ ఉండే ఎముక.

బియ్యం చెరుగుతున్న అత్తమ్మ చేతిలో చాట ఆగింది.

"ఏ గంజుల కూర?" అన్నది.

"మన గంజుదే."

"మన గంజుల ఏం వండిండ్రు?"

"కోడి."

"కోడికి నల్లి బొక్క యాడికెల్లి వచ్చింది?"

మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. "పెద్ద కోడి కావచ్చు" అన్నాడు.

మా ఆయన చదువుతున్న పేపరును మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు ఊగుతూనే ఉంది.

"మొదటి ముక్క తెల్వక తిన్నవనుకుంట. బొక్క చేతిల వట్టుకున్నంక గూడ తెల్వలేదా?" అన్నది అత్తమ్మ.

"తెల్సింది."

"తెల్సినంక?"

"అప్పటికే సగం జుర్రిన. నడుమల ఇడిస్తె మంచిగుండదని..."

ప్రభు బల్ల ఆదివారం అప్పుడే దాటిపోయింది. మళ్లీ వచ్చేదాకా మామకు వెనక చాపే గతి. సంఘం శిక్ష అంతవరకే. అత్తమ్మ దానికి ఇంటి శిక్ష కూడా కలిపింది. విశ్వాసంలో పడిపోయినవాళ్లతో కూర్చుని తినకూడదని వాక్యం ఉందని, ఒక సొట్టపడ్డ సత్తు పళ్లెం తీసి, మామకు బయట అరుగు మీద అన్నం పెట్టడం మొదలుపెట్టింది. ఆయన కోళ్లను అదిలించుకుంటూ తినేవాడు. నాకు ఒళ్లు మండేది.

"అత్తమ్మా, బాయిలకెల్లి అలసి వచ్చిన మనిషిని బయట కూసోవెడుతరా?" అని ఒకసారి అడిగేశాను.

"నాకేమన్న సంబురమా బిడ్డా? లోపట కూసోవెడితె ఏం కాలే అనుకుంటడు. జర భయముండాలె" అన్నది. అంటూనే ఆ సొట్ట పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసింది. లోపల తినే మా పళ్లేలలో కంటే ఆ పళ్లెంలో ముక్కలు ఎప్పుడూ ఎక్కువే ఉండేవి.

ఆ రోజుల్లోనే మా బాపు నన్ను చూడడానికి వచ్చాడు. వియ్యంకుడు అరుగు మీద కోళ్ల మధ్య తినడం చూసి, తనూ పళ్లెం పట్టుకుని పోయి పక్కన కూర్చున్నాడు. చెయ్యి కడుక్కున్నాక అత్తమ్మతో వాదన పెట్టుకున్నాడు.

"చెల్లె, నీ బిడ్డ తప్పు చేసిందనుకో. కొడుతవు, తిడుతవు. బిడ్డ కాకుండ పోతదా? దేవునికి గూడ మనం గంతే. ఒకసారి బిడ్డ అయినంక ఎన్నటికి బిడ్డే."

అత్తమ్మ తడుముకోలేదు. "బిడ్డ పోదన్నా. కోడలు పోతది. బయటికెల్లి వచ్చినోళ్లు ఎప్పుడన్న పోవచ్చు. మనం దేవునింటికి బయటికెల్లి వచ్చినోళ్లమే గదా" అన్నది.

నేను తలుపు చాటునే ఉన్నాను. దేవుని సంగతి తర్వాత, ముందు ఈ ఇంట్లో నా సంగతేమిటో ఎవరైనా తేలిస్తే బాగుండుననిపించింది. మా బాపు నా వైపు చూసి, ఇక ఆ మాట పొడిగించకుండా, వడ్ల ధర గురించి మాట్లాడి బస్సెక్కాడు.

ఆ మర్నాడు పొద్దున, మొదటి షిఫ్టుకు పోయే మామకు నేను నీళ్ల డబ్బా నింపి ఇస్తున్నాను. ఆయన డబ్బా అందుకుని కదల్లేదు.

"బిడ్డా, మీ బాపు జెప్పింది నిజమంటవా? రక్షణ పోదంటవా?"

నవ్వుతూ అడుగుతున్నాడేమో అనుకుని మొహంలోకి చూశాను. నవ్వు లేదు.

"మీదున్నప్పుడు యాదికి రాదు. కిందికి దిగుతాంటె యాదికొస్తది. గిప్పుడు కప్పు కూలితె నేనెటు పోత అని. ఒక్క బొక్కకు గింత పరేషాన్ అయితదని తెలిస్తె ముట్టకపోదును" అన్నాడు.

అప్పటిదాకా నాకు అది అరుగు మీద పళ్లెం గొడవే. రోజూ భూమి లోపలికి దిగే మనిషికి అది వేరే ప్రశ్న అని అప్పుడు తెలిసింది. నాకు చాలా భయమేసింది. ఆయన చేతిలోని డబ్బా మూతను మళ్లీ బిగించాను. ఆయన చెప్పులు తొడుక్కుని పోయాడు.

ఆ వారం చివర, ఒక శనివారం మధ్యాహ్నం, షిఫ్టు విడిచే వేళ దాటినా బాయి నుంచి ఎవరూ రాలేదు. కాసేపటికి కాలనీలో కప్పు కూలిందట అని ఎవరో అన్నారు. అత్తమ్మ పొయ్యి మీద గిన్నె అలాగే వదిలి, చెప్పులు లేకుండా బయల్దేరింది. నేను పొయ్యి ఆర్పి వెనకాలే పరుగెత్తాను.

బాయి గేటు దగ్గర ఆడవాళ్లంతా గుమిగూడారు. ఎవరిని అడిగినా ఎవరికీ ఏమీ తెలియదు. అత్తమ్మ కంచె పట్టుకుని పైకే ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, ఆయన ఇంక ముందటి చాపకు రాలే. గిప్పుడు తీస్కపోకు. జర బల్ల ఆదివారం దాంక ఆగు." కాసేపటికి గొంతు మారింది. "ఆగకపోతె, ఆ బొక్క నేనే తిన్ననుకో. నా పేరు మీద రాసుకో. ఆయన రక్షణ ఆయనకియ్యి."

ఆమె అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

చివరికి లోపలి నుంచి ఒక్కొక్కరే నడుచుకుంటూ రావడం మొదలైంది. కప్పు కూలలేదు. కరెంటు పోయి, మనుషుల్ని పైకి తెచ్చే బండి ఆగిపోతే, ఏటవాలు దారంతా నడిచి ఎక్కుతున్నారు. భర్త కనబడగానే మా పక్క క్వార్టరు ఆవిడ మైసమ్మ గుడికి ఉరికి కొబ్బరికాయ కొట్టింది. కనబడ్డ ప్రతి చేతిలో ఒక ముక్క పెట్టుకుంటూ వచ్చింది. అత్తమ్మ చేతిలోనూ పెట్టింది. అత్తమ్మ కళ్లు గని నోటి మీదే ఉన్నాయి. ముక్క ఎప్పుడు కొరికిందో, ఎప్పుడు నమలడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. నేను చూశాను.

మామ దాదాపు ఆఖరున వచ్చాడు, ఒళ్లంతా నలుపు, కళ్లు మాత్రం తెల్లగా. దగ్గరికొచ్చి ఆమె మొహం చూసి ఆగాడు.

"ఏం నములుతున్నవే?"

"కొబ్బరి."

"ఏ కొబ్బరి?"

అత్తమ్మ అరచెయ్యి తెరిచి చూసుకుంది. మిగిలిన ముక్క మీద కుంకుమ ఉంది. గుడి వైపు చూసింది, నా వైపు చూసింది, నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే నిలబడిపోయింది. మామ ఆ ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"నడుమల ఇడిస్తె మంచిగుండదు" అన్నాడు.

మరునాడు ఆదివారం. ఎవరూ చెప్పకముందే అత్తమ్మ పోయి చెప్పుల పక్క వెనక చాప మీద, ఆడవాళ్ల వైపు కొసన కూర్చుంది. సంఘమంతా పాటలు ఆపి వెనక్కి తిరిగి చూసింది. అయ్యగారైతే కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అదే చాప రెండో కొసన ఉన్న మామ కొంచెం ఇటు జరిగాడు. ఆ రోజు ప్రార్థనలో ఆయన నిద్రపోలేదు.

ఇంటికొచ్చాక అత్తమ్మ రెండు పళ్లేలు అరుగు మీదికి తెచ్చింది. పడిపోయినవాళ్లు పడిపోయినవాళ్లతో కూర్చుని తినొద్దని ఏ వాక్యంలోనూ లేదట. సొట్ట పళ్లెం తన ముందు పెట్టుకుని, మంచి పళ్లెం మామకు జరిపింది. నేను మంచినీళ్లు తెచ్చి గడపలో నిలబడ్డాను.

మామ ముద్ద కలుపుతూ, "మరి నీది గూడ పోయినట్టేనా?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

అత్తమ్మ తన పళ్లెంలోని ముక్క తీసి ఆయన పళ్లెంలో వేసింది.

"ఏమో. నాకు తెల్వది" అన్నది. "నువ్వైతె వచ్చినవ్ గదా. తిను."