తిన్నానని చెప్పిన రోజు

ముక్కు మీద కోపం నాకు. ఎవరైనా రెండోసారి అడిగితే చాలు, కసురుతాను.

ఆ ఏడు అంజన్న మాలలో, అంటే హనుమాన్ దీక్షలో ఉన్నాను. రోజుకు ఒక్కపూటే భోజనం, అదీ స్వాములు వండిందే. మల్లాపూర్‌లో మధ్యాహ్నం భిక్షకు కూర్చున్నానో లేదో, ఫోన్ మోగింది. జగిత్యాల ఆసుపత్రిలో కాన్పయిన అమ్మాయికి రక్తం ఆగడం లేదట, ఓ నెగెటివ్ కావాలట. మా రక్తదాతల బృందంలో అది ఉన్నది నాకూ, కోరుట్ల టైలరుకూ మాత్రమే. ముద్ద ముట్టకుండా లేచి బండి తీశాను. ఒకసారి విస్తరి ముందు నుంచి లేస్తే ఇక ఆ రోజుకు భోజనం లేనట్టే.

"తిన్నరా స్వామీ?" అంది రక్తం తీసే సిస్టర్.

"తిన్న."

"నిజంగ తిన్నరా?"

"ఎన్నిసార్లడుగుతవమ్మా! జల్ది సూది గుచ్చు!"

నిజం చెబితే బిస్కెట్లు తినమంటుంది, నిష్ఠ పోతుంది. రాయిలాంటి ఒళ్లు, ఏమవుతుందిలే అనుకున్నాను.

సంచి సగం కూడా నిండలేదు, కళ్లు తిరిగి పడిపోయాను. లేచేసరికి సూది తీసేసి ఉంది. "సంచి నిండలే, గీ రక్తం ఇగ పనికిరాదు. ఇంకొకల్లను పిలువుండ్రి," అంది సిస్టర్. టైలరుకు ఫోన్ చేశాను. "అన్నా, నాతోని కాలే. ఉరికిరా!"

ఆపరేషన్ గది ముందు కూలబడ్డాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేవబోయి మళ్లీ కూర్చున్నాను. ఆ అమ్మాయి తల్లి అక్కడే ఉంది. బీర్పూర్‌లో కూలి చేసుకునే మనిషి, మెడలో సిలువ. టిఫిన్ డబ్బా తెరిచి నా ముందుకు జరిపింది. అన్నం, పచ్చిపులుసు.

"తినుండ్రి స్వామీ."

వద్దన్నట్టు తల ఊపాను.

"మా ఇంటి బువ్వ మీరు తినద్దని ఎరుకే. గని పాణం కన్న పెద్ద నిష్ఠ ఉంటదా?"

తిన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

టైలరు మెడలో టేపుతోనే వచ్చి రక్తం ఇచ్చాడు. సాయంత్రానికి అమ్మాయికి గండం గడిచిందన్నారు. తల్లి వచ్చి నాకు దండం పెట్టింది. ఇక ఉండబట్టలేదు.

"నాకు దండం వద్దమ్మా. తిన్ననని అబద్ధమాడిన. నా రక్తం పారవోసిండ్రు."

"ఎరుకే కొడుకా. నువ్వు పడ్డప్పుడే సిస్టరమ్మ చెప్పింది. ఆకలి మీదున్నవనే గదా బువ్వ పెట్టిన."

ఆమె డబ్బా తెరిచినప్పుడు టైలరు ఇంకా రాలేదు. కూతురు బతుకుతుందో లేదో ఆమెకు తెలియదు.