కాల్చని సీసాలు

ప్రయోగశాలలో అందరికీ ఆమె సీసాలక్క. ఇరవై రెండేళ్లుగా సీసాలు కడిగి, ఆవిరిలో ఉడికించి, ఆపైన ఓవెన్‌లో గంటలకొద్దీ కాల్చడమే పని. ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ వాటి విషం సీసాను వదలదు. దాన్ని పోగొట్టేది కాల్చడమే. నిలబడీ నిలబడీ ఆమె మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి.

ఆ మంగళవారం ఓవెన్ మొరాయించింది. ఆ సంగతి చెప్పాలంటే మూడంతస్తులెక్కాలి. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని, అక్క ఉడికిన సీసాలనే అలమరలో సర్దేసింది.

పది రోజులకు పైఅంతస్తు పరిశోధకురాలు కేకు పట్టుకుని దిగింది.

"అక్కా, నా నాలుగేళ్ల పని పండింది. ఒంట్లో కాపలా కణాలుంటాయి కదా, వాటిలో మంట పుట్టించే జన్యువుల నోరు నొక్కే ప్రొటీన్ ఒకటుంది. అది తీసేస్తే ఏ కారణం లేకుండానే కణాలు మండిపోతున్నాయి. అది ఉన్నవి మాత్రం రెండో రోజుకి చల్లగా ఉన్నాయి. ఎల్లుండే పత్రికకి పంపిస్తున్నా."

"ఏ సీసాల్లో పెంచావమ్మా?"

"నీవే. ఇంకెవరివి నమ్ముతాను?"

అప్పటికి అక్క నోట్లో కేకు రెండో ముక్క ఉంది. అది గొంతు దిగలేదు.

నోరు విప్పితే ఆ పిల్ల నాలుగేళ్లు నీళ్లపాలు, తన పేరూ అంతే. విప్పకపోతే అబద్ధం అచ్చవుతుంది. మర్నాడు ఒక్కో మలుపులో కాసేపు కూర్చుంటూ మూడంతస్తులూ ఎక్కింది.

"ఆ సీసాలు కాల్చలేదమ్మా. నిన్ననే చెబుదామనుకున్నా, నోట్లోనే ఉండిపోయింది."

"మాటా, కేకా?"

"రెండూ."

పరిశోధకురాలు కుర్చీలో కూలబడింది. రెండో రోజు లెక్కలు మళ్లీ తిరగేసింది.

"అంటే కారణం ఉందన్నమాట," అంది చివరికి, మెల్లగా. "సీసాల్లో మిగిలిన విషానికి మొదట రెండు రకాలూ మండే ఉంటాయి. ప్రొటీన్ ఉన్నవి కాసేపటికి చల్లారాయి. లేనివి చల్లారడమే మర్చిపోయాయి."

"మా ఆయన కోపంలాగా."

పిల్ల నవ్వలేదు గానీ కాగితం అందుకుంది. "అలా అని తేలాలంటే అంతా మళ్లీ చెయ్యాలి. కాల్చిన సీసాలు యాభై కావాలక్కా. కాల్చనివీ యాభై."

"కాల్చనివి కూడానా?"

"నువ్వు చేసిన తప్పే, ఈసారి లెక్కగా చెయ్యి."

ఇరవై రెండేళ్లలో పని పాడుచెయ్యమని అక్కనడిగిన వాళ్లు లేరు. రెయిలింగ్ పట్టుకుని కిందికి దిగి, పీట లాక్కుని, యాభై సీసాల మీద ఒక్కొక్కటిగా 'కాల్చనిది' అని రాయడం మొదలుపెట్టింది.