కీచుమనే బ్రేకు

కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంట్లో అప్పట్లో ఉన్న డ్రైవరన్న ఊరు కూడా మా కడప వైపే. యజమానురాలిని మేం మామా అంటాం. ఆమె చిన్న కూతురు సైకిలెక్కే ముందు, ఆయన రెండు బ్రేకులూ పట్టి సైకిలును ముందుకు తోసి చూసేవాడు. రోజూ అంతే.

"కారుకు కూడా ఇన్ని పరీక్షలు పెట్టవు గదన్నా" అని నవ్వేదాన్ని.

ఒకరోజు బ్రేకు కీచుమంటోందని మామా విసుక్కుంది. నేను రబ్బర్లకు కొబ్బరినూనె రాశాను. చప్పుడు పోయింది, దేవుడి దయ అనుకున్నాను.

సాయంత్రం పాప "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నా, ఆయన ఎప్పటిలాగే బ్రేకులు పట్టి తోశాడు. చక్రాలు ఆగలేదు. మా వాకిలి వాలు నేరుగా కార్లు తిరిగే రోడ్డు మీదికే దిగుతుంది.

"నూనె ఎవురు పూసినారుమ్మా?"

"నేనే అన్నా. మామాకు చెప్తావా?"

"చెప్పన్లే. సబ్బునీళ్లు తే. అరిస్తే అరవనీ, పట్టుకుంటే సాలు."

రబ్బర్లు కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తోశాడు. కీచుమంది.

ఆయన ఊరెళ్లిపోయి రెండేళ్లయింది. ఇప్పుడు నేనే తోసి చూస్తాను. అయినా పాప వాలు దిగుతుంటే, ఆ కీచు వినబడేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాను. వినబడగానే దేవుడికో దండం, ఆయనకో దండం.