రంగు ముట్టని ఎనిమిది రోజులు

“ఆగండి, ఆగండి బాబాయ్! ఆ గుమ్మం దాటారంటే మా వదిన మనిద్దర్నీ కలిపి బయటికి ఊడ్చేస్తుంది. తలకి ఏం రాసుకొచ్చారు?”

“వాసన నూనెమ్మా. ఎందుకూ?”

“అదే, ఇక్కడిదాకా గుప్పుమంటోంది. వెళ్ళి ఆ నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చోండి. గాలి ఇటునుంచి అటు పోతోంది కాబట్టి ఫరవాలేదు. గట్టిగా మాట్లాడండి, వీటికి చెవులు లేవు. ముక్కు మాత్రం పోలీసు కుక్క ముక్కే.”

వీటికి అంటే పట్టుపురుగులకి. ఆమె ఉన్నది పురుగుల షెడ్డులో, సన్నటి వల కొట్టిన కిటికీకి అవతల. భుజం మీద మల్బరీ కొమ్మల మోపు, జుట్టు మీద గట్టిగా బిగించిన గుడ్డ. మాట్లాడుతూనే కొమ్మలు తీసి అరల మీద పరుస్తోంది. ఒక్కో స్టాండుకి ఐదు అరలు, అలాంటి స్టాండ్లు పది. కొన్ని ఖాళీగా ఉన్నాయి.

నేను బస్టాండులో టైంకీపర్ని. కొత్త బస్టాండు కడుతున్న కాంట్రాక్టరు ఆ పొద్దున నన్ను పిలిచి, “ఆ బోర్డులమ్మ సోమవారం నుంచి పనిలోకి వస్తుందో రాదో సాయంత్రానికల్లా కనుక్కురావయ్యా, లేకపోతే వేరేవాణ్ణి పెట్టుకోవాలి” అన్నాడు. ఒక్క మాట కోసం వెళ్ళి ఆ గట్టు మీద రెండు గంటలు కూర్చున్నాను.

ఊళ్ళో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. బోర్డులమ్మ అంటేనే తెలుస్తుంది. ముప్ఫయ్యారేళ్ళు ఉంటాయి. దర్జీ కొట్టు, మందుల షాపు, బడి, సైకిళ్ళు బాగుచేసే చోటు, ఎక్కడ తలెత్తి చూసినా ఆమె రాసిన అక్షరాలే. ఒకరి దగ్గర నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడు ఎరువుల బస్తాల మీది అక్షరాలు చూసి, సున్నంలో వేలు ముంచి, ఇదే షెడ్డు వెనక గోడ నిండా రాసేదట. వాళ్ళమ్మ కర్ర తీసుకుని వెంటపడితే అన్న అడ్డం నిలబడి, “గోడ మనదే కదమ్మా, పక్కింటివాళ్ళది కాదుగా” అన్నాడట.

“మొదట్లో ఎన్ని పాడుచేశానో!” అంది ఆమె, ఒక కొమ్మ విదిలించి చూస్తూ. “పళ్ళ డాక్టరు బోర్డు మీద ఇంత పెద్ద పన్ను బొమ్మ వేశాను. క్యాబేజీ ఎంతకిస్తారని ఇద్దరు లోపలికెళ్ళి అడిగారు. పాపం ఆయన మంచివాడు, ‘పీకించుకుంటే ఊరికే ఇస్తా’ అన్నాట్ట.”

షెడ్డు లోపలినుంచి ఇంకో గొంతు: “పెయింటరు గారూ! కబుర్లు అరల మీద పరిస్తే పురుగులు తినవు. కొమ్మలు పరవండి.”

అది వదిన. స్టాండ్ల వెనక వంగి, తిని వదిలేసిన పుల్లలు ఏరుతోంది. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డు నడుపుతున్న మనిషి. ఆడపడుచు మీద కోపం వచ్చినా ముద్దొచ్చినా పెయింటరు గారూ అనే పిలుస్తుంది. ఏది ఎప్పుడో గొంతుని బట్టి పోల్చుకోవాలి.

అన్న సంగతి ఆమె కొంచెం గొంతు తగ్గించి చెప్పింది. పెళ్ళయ్యి నాలుగేళ్ళు కాపురం చేసి, ఒకరోజు పెట్టె పట్టుకుని తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని గాని, ఎప్పుడు వెళ్తావని గాని అన్న ఒక్క మాట అడగలేదు. ముందుగదిలో ఉన్న ఆకుల బుట్టలన్నీ ఒక్కొక్కటే తీసి వసారాలో పెట్టి, మంచం తెచ్చి వేసి, “కిటికీ తలుపు కొంచెం గట్టిగా లాగాలి, లేకపోతే పడదు” అన్నాడు. అంతే.

“తిట్టుంటే బాగుండేది బాబాయ్. తిట్టినవాళ్ళకి ఎదురు చెప్పొచ్చు.”

ఇక ఆమె చిక్కు ఏమిటంటే, రంగుకీ పురుగుకీ పడదు. ఎనామిల్ రంగు, టర్పెంటైన్, ఆ వాసన తగిలిన చేత్తో ఆకు ముట్టుకున్నా చాలు, పురుగు తల పైకెత్తి మేత మానేస్తుంది. ఇన్నేళ్ళూ ఆమె ఒక లెక్క పెట్టుకుని నెట్టుకొచ్చింది. ఒక పంట పురుగులు గుడ్డు నుంచి గూడు దాకా పెరగడానికి పాతిక రోజులు. అప్పుడు రంగు డబ్బా మూత తియ్యదు. పంట అయ్యాక షెడ్డు కడిగి ఆరబెట్టుకోవడానికి పదిపదిహేను రోజులు పడుతుంది కదా, ఆ రోజులు ఆమెవి. డబ్బాలూ కుంచెలూ పొలానికి ఆ చివర మోటారు గదిలో ఉంటాయి. నిచ్చెన భుజాన వేసుకుని ఊళ్ళోకి వచ్చేసేది.

ఆ లెక్క రెండేళ్ళుగా తప్పింది. ముందు అన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. షెడ్డు కడిగే మందులు, పురుగుల మీద చల్లే సున్నం, ఎన్నేళ్ళు పీల్చాడో. ఇక లోపల అడుగు పెట్టొద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. తర్వాత వానలు లేవు. ఆకు చిన్నబోయింది. కూలికి వచ్చేవాళ్ళు తలో దిక్కూ పనులు వెతుక్కుంటూ పోయారు. వరసగా రెండు పంటలు జబ్బు తగిలి గోతిలోకి పోయాయి. ఇది మూడోది, మామూలులో సగం గుడ్లతో పెట్టుకున్నది. ఇదీ పోతే మల్బరీ తోట ఎవరికైనా కౌలుకిచ్చి, అన్న ఏ గోడౌనుకో కాపలాకి వెళ్ళాలని అనుకున్నారు. కాపలాకి కూడా దగ్గే మనిషిని ఎవరు పెట్టుకుంటారో వాళ్ళకే తెలియదు.

సరిగ్గా అప్పుడు వచ్చింది బస్టాండు పని. పద్దెనిమిది ప్లాట్‌ఫారాల బోర్డులు, లోపల వేచి ఉండే గదులవి, వీటన్నిటికీ మించి గేటు మీది ఆర్చి. దాని మీద ఒక్కో అక్షరం మనిషి ఎత్తు.

“నా కంటే పొడుగు అక్షరం ఎప్పుడూ రాయలేదు బాబాయ్” అంది ఆమె. చేతిలో కొమ్మ అలాగే ఉండిపోయింది. “అంత అక్షరం రాస్తుంటే అది మనకి కనిపించదు తెలుసా? మెలిక దగ్గర ఉన్నామా, కొమ్ము దగ్గర ఉన్నామా, తెలియదు. దిగొచ్చి, రోడ్డు దాటి, అవతలి పక్క నిలబడి చూసుకోవాలట. అలా చూసుకోవాలని ఉంది. ఒక్కసారి.”

పని సోమవారం మొదలుపెట్టి ఎనిమిది రోజుల్లో అయిపోవాలి. ప్రారంభోత్సవం తేదీ ఖాయమైపోయింది. పురుగులేమో గురువారం ఐదో దశలోకి వచ్చాయి. ఆఖరి దశ అది. అప్పటిదాకా తిన్నదంతా ఒక ఎత్తు, ఈ వారం తినేది ఒక ఎత్తు. పొద్దుటి నుంచి పడుకునేదాకా కొమ్మలు మోసి పరుస్తూనే ఉండాలి. ఇద్దరు మనుషులకే ఊపిరి సలపదు. ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

“మొన్న ఏం జరిగిందో చెప్తాను. మీరు మనసులోనే ఉంచుకోండి” అని ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసింది. అన్న ఆకు కోతకి వెళ్ళాడు. ఇంకా రాలేదు.

కాంట్రాక్టరు నమూనా అడిగాడట, రేకు మీద ఒక్క అక్షరం రాసి పంపమని. మధ్యాహ్నం వదిన నడుం వాల్చిన సమయం చూసి ఆమె మోటారు గదికి వెళ్ళింది. గంటసేపు. ఒకే ఒక్క అక్షరం. తర్వాత చేతులు సబ్బుతో కడిగింది, మట్టితో తోమింది, మళ్ళీ సబ్బు. స్నానం చేసి బట్టలు మార్చుకుని మేత వేయడానికి లోపలికి వచ్చింది. గోళ్ళ సందుల్లో ఏముందో ఆమె చూసుకోలేదు. రెండో అర పరుస్తుండగా మొదటి అర నిశ్శబ్దంగా అయిపోయింది. మేస్తున్నప్పుడు ఆ షెడ్డులో సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు ఉంటుంది. ఆ చప్పుడు ఒక్క అరలో ఆగిపోయింది. పురుగులు తలలు పైకెత్తి ఊపుతున్నాయి. కాసేపటికి ఆకుపచ్చటి నీళ్ళు కక్కాయి.

“వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. దొంగతనంగా బెల్లం తిన్న పిల్ల చెయ్యి చూసినట్టు. రెండు అరలూ ఎత్తి తీసుకెళ్ళి గోతిలో పోసొచ్చింది. అన్నయ్య వచ్చి అడిగితే, ‘ఆకు గోతంలో ఉడికిపోయింది, నేనే చూసుకోకుండా వేశాను’ అని చెప్పింది. అన్నయ్య ఎప్పుడూ గొంతు పెంచడు కదా, ఆ రోజు అరిచాడు. ఇరవై ఏళ్ళ పనితనం ఇదేనా అన్నాడు. ఆవిడ తల వంచుకుని నిలబడింది. నేను పక్కనే ఉన్నాను బాబాయ్. కొమ్మలు పరుస్తూనే ఉన్నాను.”

“తర్వాతైనా చెప్పకపోయావా?”

“చెప్తానంటే వదిన ఒప్పుకోలేదు. ‘నిజం తెలిస్తే మీ అన్న నిన్ను బస్టాండుకి తోలేసి తను లోపలికొస్తాడు. నీ మీద ప్రేమతో దాచాననుకోకు, నీ చేతుల కోసం దాచాను’ అంది.”

అన్నంత పనీ అయింది. నిజం తెలియకుండానే నిన్న పొద్దున అన్న, “నువ్వు సోమవారం వెళ్ళమ్మా, నేను చూసుకుంటా” అని, మూతికి తువ్వాలు చుట్టుకుని షెడ్డులోకి వచ్చాడట. పది నిమిషాలు. నాలుగో స్టాండు దగ్గర కొమ్మ కిందపడింది. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని బయటికి తెచ్చి కూర్చోబెడితే, మాట రాక, చేత్తో ‘ఏం లేదు, ఏం లేదు’ అని చూపిస్తూనే ఉన్నాడు.

ఆమె చేతిలోని కొమ్మ అర మీద పెట్టింది. తర్వాత వలకి దగ్గరగా వచ్చింది.

“ఇంకోటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆ పురుగులు తలలు ఊపుతున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. షెడ్డు మొత్తం ఇలాగే అయిపోతే సోమవారానికి నాకు ఏ అడ్డూ ఉండదు కదా అనిపించింది. ఒక్క క్షణమే. కాని అనిపించింది. తిండి పెట్టిన ఇల్లు బాబాయ్ ఇది. నేనేం మనిషిని?”

స్టాండ్ల వెనకనుంచి వదిన గొంతు వచ్చింది, పుల్లలు ఏరడం ఆపకుండానే.

“ఒక్క క్షణమేనా? నాకైతే ప్రతి పంటకీ రెండు మూడుసార్లు అనిపిస్తుంది. ఇవన్నీ ఒక్కసారిగా చస్తే తలుపేసుకుని రెండు రోజులు పడుకోవచ్చు కదా అని. ఇరవై ఏళ్ళ నుంచీ అనుకుంటున్నా, ఒక్కటీ నా మాట వినలేదు. నువ్వేదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పకు.”

“వదినా, విన్నావా అంతా?”

“వినక, చెవుల్లో దూది పెట్టుకున్నానా? పురుగులకి లేవు గాని నాకున్నాయి.” వదిన నడుం పట్టుకుని లేచి నిలబడింది. ఆ మొహంలో నవ్వు లేదు. “నేను నిన్ను ఉండమని అడగను. వెళ్ళమనీ అనను. ఏది అన్నా రేపు ఆ మాట నా నెత్తినే ఉంటుంది. పెద్దదానివి, నువ్వే చెప్పుకో.”

అప్పుడే అన్న వచ్చాడు. తోపుడుబండి మీద కొమ్మల మోపులు, మీద తడిపిన గోతాలు. బండి ఆపి, హ్యాండిల్ పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఈల వేసినట్టు ఊపిరి వినిపిస్తోంది. నన్ను చూడగానే మొహం చాటంత చేసుకుని, “ఏం బాబాయ్, మా చెల్లెల్ని తీసుకెళ్ళడానికొచ్చారా? తీసుకెళ్ళండి. ఇక్కడ నేనున్నాగా” అన్నాడు. అంటూనే మెడలో తువ్వాలు సర్దుకున్నాడు.

ఆ తువ్వాలు వైపు చూసింది ఆమె. వదినా చూసింది.

“నీకు చెప్పడం మరిచిపోయాను అన్నయ్యా” అంది ఆమె కిటికీలోంచి. గొంతు మామూలుగానే ఉంది. “పని వాయిదా పడిందట. ఆర్చికి ఇనుము ఇంకా రాలేదట. ఆ మాట చెప్పడానికే వచ్చారు బాబాయ్.”

ఆర్చి నిలబెట్టి నాలుగు రోజులైంది. ఈయన ఊళ్ళోకి వచ్చి చాలా రోజులైనట్టుంది, చూడలేదు.

“వాయిదానా? ఎన్నాళ్ళు?”

“నెలట” అంది ఆమె. “కదా బాబాయ్?”

“నెల పైనే పట్టొచ్చు” అన్నాను నేను.

“మంచిదేగా! పంటా అయిపోతుంది, తీరిగ్గా రాసుకోవచ్చు. నేను రాత్రంతా అదే ఆలోచిస్తున్నా” అన్నాడు అన్న. ఆ మనిషి భుజాలు కిందికి దిగడం గట్టు మీద కూర్చున్న నాకే కనిపించింది. తువ్వాలు తీసి బండికి తగిలించాడు. మోపులు గుమ్మం దగ్గర దించి, గోతాలు మళ్ళీ తడపడానికి తొట్టి అవతలి చివరికి వెళ్ళాడు. నడుస్తూ ఏదో కూనిరాగం తీయబోయి దగ్గు వచ్చి ఆపేశాడు.

వదిన వచ్చి ఒక మోపు ఎత్తుకుంది. ఆడపడుచు ముఖంలోకి చూడలేదు. పోతూ పోతూ మోచేత్తో ఆమె చేతిని ఒకసారి తాకి, “మూడో స్టాండు నుంచి మొదలుపెట్టు” అని వెళ్ళిపోయింది.

నేను లేచాను. “కాంట్రాక్టరుకి ఏం చెప్పమంటావు? ఒక రెండు రోజులు ఆగమని అడగనా?”

“ఆగడు. మీకూ తెలుసు. రాదని చెప్పండి. ఆ మార్కెట్ వీధిలో ఉన్నాడే, హడావుడి పెయింటరు, అతనికే ఇస్తాడు.” వలని రెండు చేతులతో పట్టుకుంది. “నెల పోయాక ఆర్చి మీద అక్షరాలు చూసి అన్నయ్య అడుగుతాడు. అప్పటి మాట అప్పుడు చూసుకుంటాను. మీరు ఒక్క పని చేసిపెట్టాలి బాబాయ్.”

“చెప్పమ్మా.”

“కొలతలకని నేను బస్టాండుకి వచ్చినప్పుడు చూశాను, ఆర్చి రేకు కుడివైపు రెండు వేళ్ళు కిందికి దిగింది. బిగించడంలో వచ్చిన తేడా. కింద నిలబడితే తెలియదు. ఆ మనిషి రేకు అంచుని బట్టి గీత కొట్టేసి రాసేస్తాడు, అక్షరాలన్నీ ఒక పక్కకి జారుతున్నట్టుంటాయి. ఆ చివరనుంచి ఈ చివరకి నీళ్ళు నింపిన సన్న గొట్టం పట్టి, మట్టం చూసి, దారం లాగి అప్పుడు గీత కొట్టమనండి. అతను నిచ్చెన ఎక్కకముందే చెప్పాలి. నేను చెప్పానని మాత్రం చెప్పకండి, పంతానికి మానేస్తాడు. ఇక వెళ్ళండి, ఐదింటి బస్సు పోతే ఇవాళ మళ్ళీ కాంట్రాక్టరు దొరకడు.”