తాత చేతి కింద పిల్ల

నిన్న మామగారి ఎడమ కాలు వీధిగుమ్మం ముందు రాయికి తట్టుకుంది. ఆయన పడలేదు. ఆయన బరువంతా పక్కనున్న నా ఏడేళ్ళ కూతురి భుజం మీద పడింది. దాని మోకాళ్ళు వంగాయి, మెడ పక్కకి ఒరిగింది. నేను చేటతో అరుగు మీద ఉన్నాను. పిల్ల ఏడవలేదు. ఎలాగో నిలదొక్కుకుని నవ్వింది. ఆ నవ్వు చూసే నాకు భయం వేసింది.

ఎదురింటావిడ పిల్లని మెచ్చుకుంది కూడా. గుంట గట్టిదేనట.

మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు విశాఖపట్నం తీసుకెళ్ళాం. డాక్టరు గారు అడుగున రబ్బరు తొడిగిన కర్ర ఇచ్చి కుడిచేత్తో పట్టుకోమన్నారు. ఎడమ పక్కన బలమైన మనిషి ఉండాలన్నారు. నడక మెరుగవుతుంది గానీ, పడి తుంటి విరిగితే ఇక మంచమేనని మరీ మరీ చెప్పారు. అందరం తలలూపి వచ్చాం. కర్ర తలుపు మూలకి చేరింది. కర్రతో వీధిలోకి వెళితే ఆయన పని అయిపోయిందని ఊరు అనుకుంటుంది. మనవరాలి భుజం మీద చెయ్యి వేసుకుని వెళితే ముచ్చట పడుతుంది. ఆ ముచ్చట కోసం నా పిల్లని నిలబెట్టారు. అందరూ పడుకున్నాక లాంతరు ముందు కూర్చుని రాస్తున్నా, ఇప్పటికీ నా ఒళ్ళు మండుతూనే ఉంది.

నిన్న సాయంత్రమే కర్ర తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన కోప్పడలేదు.

"కర్రకి మాటలొస్తాయేటమ్మా? నా గుంటైతే కబుర్లు సెప్తాది."

అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "కాలేజీ సదివినావు గదా, తాతని మనవరాలు ముట్టుకోకూడదని ఆ పుస్తకాల్లో రాసున్నాదేటి?"

నా భర్త రేడియో దగ్గర నుంచి లేవకుండానే, నాన్న మనసు కష్టపెట్టకు అన్నారు. అయితే మీరు పక్కన నడవండి అన్నాను. పొలం పనులున్నాయట. పోనీ నేను నడుస్తానంటే, కోడలు మామగారిని పట్టుకుని వీధిలో తిరగడమేమిటని అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. ఈ ఇంట్లో ఆయన మనసు గురించి మాట్లాడని వాళ్ళు లేరు. ఆయన పక్కన నడిచే పెద్దవాళ్ళే లేరు.

పిల్లకి నీళ్ళు పోస్తుంటే భుజం మీద కమిలిన వేళ్ళ గుర్తులు కనిపించాయి. అన్నీ నిన్నటివి కావు. కొన్ని పాతబడి పసుపు తిరిగాయి. ఎందుకు చెప్పలేదే అని అడిగాను. చెపితే నువ్వు వద్దంటావు, తాత పడిపోతాడు అంది.

ఇవాళ పొద్దున్నే దాన్నీ, దాని తమ్ముణ్ణీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. అక్క రాకపోతే రేపు తమ్ముణ్ణి పిలుస్తారు.

"తాత పిలిస్తే ముందు కర్ర అందించండి. చేతికి అందనంత దూరంలో నడవండి. తాత తూలితే పట్టుకోవద్దు. పక్కకి తప్పుకుని నన్ను కేకెయ్యండి."

తాత పడిపోతే తప్పు నాదా అమ్మా, అని అడిగింది పిల్ల.

వసారాలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలాగే చెప్పాను. "నీది కాదమ్మా. ఇంతమంది పెద్దవాళ్ళం ఉన్నాం. మాది."